పన్నెండు మాటల తాళంచెవి

దొంగతనం అరవైనాలుగు కళల్లో ఒకటని పెద్దలు చెబుతూంటారు. పాతకాలపు దొంగను తలుచుకుంటే నిజమేననిపిస్తుంది. అతగాడు ఒంటికి ఆముదం రాసుకోవాలి. అమావాస్య ఎప్పుడో పంచాంగం చూసుకోవాలి. వీధికుక్కకి ముద్ద పడేయాలి. గోడకి ఏ మూల కన్నం వేస్తే చప్పుడు కాదో తెలిసుండాలి. కన్నంలో ముందు తల దూర్చాలా, కాళ్ళు దూర్చాలా అన్నదానికి కూడా శాస్త్రం ఉందిట. ఇంతా చేస్తే తెల్లారేసరికి అతనికి గిట్టేది రెండు ఇత్తడి బిందెలూ, ఓ పట్టుచీరా. అదీ ఇంటావిడ మెలకువగా లేకపోతేనే.

ఇవాళ్టి దొంగకి ఈ అవస్థ లేదు. అతను మన ఇంటికి రాడు. మనమే అతనింటికి వెళతాం. తాళంచెవి మనమే పట్టుకెళతాం. పెట్టె మనమే తెరుస్తాం. డబ్బు లెక్కపెట్టి చేతికిస్తే, అతను సెల్‌ఫోన్ తెరమీద ఆకుపచ్చ అక్షరాలతో ‘అభినందనలు’ అంటాడు. మనం పొంగిపోయి తోడల్లుడికి కూడా ఆ ఇంటి చిరునామా చెబుతాం. నేనంటున్నది ‘క్రిప్టో’ పేరు పెట్టుకుని ఇంటర్నెట్టులో వెలిసే దొంగ వెబ్‌సైట్ల గురించి. బొగ్గుబాయికీ వాటికీ ఏం సంబంధమని అడగబోతున్నారు కదూ? మనవి చేస్తాను.

మా గోదావరిఖని పేరులోనే గని ఉంది. ఊరి పక్కన గోదావరి, కింద బొగ్గు, కాస్త అవతల ఎన్టీపీసీ పొగగొట్టాలు. మిగతా ఊళ్ళకు లేని ఒక రుతువు మా ఊరికుంది. దాని పేరు లాభాల వాటా. ఏటా సింగరేణి తన లాభంలో ఇంత శాతమని కార్మికులకు పంచుతుంది. 2024 దసరాకు ముందు 33 శాతం పంచింది. అంటే మొత్తం 796 కోట్ల రూపాయలు, సగటున మనిషికి లక్షా తొంభై వేలు. ఆ వెనకే దీపావళి బోనసు. ఆ రోజుల్లో లక్ష్మీనగర్ బంగారు దుకాణాల్లో కాలు పెట్టడానికి చోటుండదు. మోటారు సైకిళ్ళవాళ్ళు, ప్లాట్లవాళ్ళు, చిట్టీలవాళ్ళు, అందరికీ మా పంచాంగం కంఠతా వచ్చు. కనిపించని ఆ కొత్త దొంగకి మాత్రం రాదనుకోవడం అమాయకత్వం.

అసలు మాకు ఈ కళలో పాత అనుభవమే ఉంది. జీతాలు చేతికి ఇచ్చే రోజుల్లో అప్పులవాళ్ళు బాయి గేటు దగ్గరే నిలబడేవారు. గిరిగిరి అని ఒక అప్పుంది. వడ్డీ ముందే కోసుకుని మిగిలింది చేతిలో పెడతారు. జీతాలు బ్యాంకుకి మారాయి, ఇక వీళ్ళ పీడ విరగడైందని సంతోషించాం. వాళ్ళు మనకంటే ముందే మారారు. అప్పు కావాలా, నీ పాస్‌బుక్కూ, ఏటీఎం కార్డూ ఇక్కడ పెట్టు, నాలుగంకెల రహస్యం చెవిలో చెప్పు అన్నారు. జీతం పడ్డ రోజున డబ్బు వాళ్ళే తీసుకుని, దయతలిచి మిగిలింది ఇచ్చేవారు. ఖాతా కార్మికుడి పేరుమీదే, చెమట అతనిదే, తాళంచెవి మాత్రం ఇంకొకడి బీరువాలో. క్రిప్టో వాలెట్ అంటే ఏమిటో మా ఊరివాళ్ళకి చెప్పవలసి వచ్చినప్పుడు నేను ఈ కథతోనే మొదలుపెడతాను. చప్పున అర్థమవుతుంది.

ఆ నాణెం సంగతి కూడా నాలుగు ముక్కల్లో చెప్పుకోవాలి. బిట్‌కాయిన్ 2009 జనవరిలో మొదలయింది. సతోషి నకమోటో అన్న పేరు పెట్టుకున్న ఎవరో దాన్ని కనిపెట్టారు. అది చేతికి తగిలే నాణెం కాదు, ఒక పెద్ద ఖాతాపుస్తకంలో పద్దు. ఆ పుస్తకం ఏ బ్యాంకులోనూ ఉండదు. ప్రపంచమంతా వేలాది కంప్యూటర్లలో దానికి నకళ్ళున్నాయి. రాసిన పద్దు కొట్టివేయడం ఎవరి తరమూ కాదు. వాలెట్ అన్నంతమాత్రాన అందులో నాణేలుంటాయనుకోకండి. అందులో ఉండేది ఆ పద్దును కదిలించే తాళంచెవి. మనుషులు రాసుకోవడానికి వీలుగా దాన్ని ఇంగ్లీషు మాటలుగా మార్చి ఇస్తారు. 2048 మాటల జాబితా ఒకటుంది. అందులోంచి 12 మాటలు, ఒక్కోచోట 24. ఆ మాటలు ఆ వరుసలో ఎవరికి తెలిస్తే వాడే యజమాని. పుస్తకానికి మన మొహం తెలియదు, సంతకం పోల్చదు. ‘అయ్యా, నా కార్డు పోయింది, ఆపించండి’ అని అర్జీ పెట్టుకోవడానికి మేనేజరు లేడు.

మన దేశంలో అది చెల్లుబాటయ్యే డబ్బు కాదు, నిషేధమూ కాదు. 2022 ఏప్రిల్ 1 నుంచి దానిమీద లాభానికి 30 శాతం పన్ను వేశారు. ‘సర్కారు పన్ను తీసుకుంటుందంటే సర్కారు పూచీ ఉన్నట్టే కద మామా’ అని మా మేనల్లుడొకసారి నాతో వాదించాడు. లాటరీ గెలిచినవాడి దగ్గర కూడా సర్కారు 30 శాతం తీసుకుంటుంది. లాటరీకి సర్కారు పూచీ పడిందా?

మేనల్లుడి మాట వచ్చింది కనక అతని సంగతే చెబుతాను. చెప్పడానికి అతని అనుమతి ఉంది, చెప్పమన్నదే అతను. మా అక్క కొడుకు. తండ్రి ఒంట్లో బాగాలేక బాయినుంచి దిగిపోతే ఆ ఉద్యోగం ఇతనికొచ్చింది. బుద్ధిమంతుడు. తాగడు, పేకాడడు. ‘వాడికి ఏ చెడలవాటూ లేదు’ అని మా అక్క పదిమందిలో చెప్పుకునేది. చెడలవాట్లు లేనివాడి దగ్గరే నాలుగు డబ్బులుంటాయన్నది దొంగకి కూడా తెలుసు.

2024 దసరా పోయిన కొన్నాళ్ళకి అతని భార్య మా ఇంటికొచ్చింది. ‘మామయ్యా, ఈయన వారం దినాల సంది బువ్వ సరిగ్గ తింటలేడు. అడిగితే కసురుతుండు. నా హారం బ్యాంకుల పెట్టిండట, నాకు తెల్వదు’ అంది. అంతకంటే ఆ పిల్ల ఏమీ అనలేదు. నేను సాయంత్రం మొదటి షిఫ్టు దిగివచ్చే వేళకి వాళ్ళ క్వార్టరుకి వెళ్ళి అరుగుమీద కూర్చున్నాను.

‘ఎన్ని పైసలు పోయినయిరా?’ అన్నాను, ఉపోద్ఘాతం లేకుండా.

‘పోలే మామా, ఆగినయి.’

‘ఏడ ఆగినయి?’

‘సైట్ల. ఇంకో నలభై వేలు గడితే రిలీజైతయట.’

ఆ ‘ఆగినయి’ అన్న మాట విని నాకు కడుపులో దేవినట్టయింది. పోయాయని తెలిసినవాడు ఏడుస్తాడు, తిడతాడు, ఆఖరికి లేస్తాడు. ఆగాయనుకునేవాడు ఇంకో నలభై వేలు వెతుకుతూంటాడు.

కథంతా మెల్లగా బయటికొచ్చింది. ఎవరో వాట్సాప్ గుంపులో చేర్చారు. అక్కడ రోజూ ఎవరో ఒకరు ‘నాకింత వచ్చింది’ అని చూపిస్తూంటారు. ఇతను అయిదు వేలు వేశాడు. మూడు రోజుల్లో ఏడున్నర వేలని చూపించింది. అందులోంచి వెయ్యి రూపాయలు తీసి చూస్తే నిజంగానే బ్యాంకులో పడ్డాయి. ఆ వెయ్యి రూపాయలే అతన్ని ముంచాయి. లాభాల వాటా లక్షా ఎనభై వేలూ తీసుకెళ్ళి పోశాడు. తెరమీద అంకె పెరిగి పెరిగి 14 లక్షలయింది. తీసుకుందామంటే ముందు పన్ను కట్టమన్నారు. భార్య హారం కుదువబెట్టి లక్షన్నర కట్టాడు. తర్వాత ‘ఖాతా స్తంభించింది, విడిపించాలి’ అన్నారు. స్నేహితుల దగ్గర తెచ్చి 85 వేలు కట్టాడు. మొత్తం 4 లక్షల 20 వేలు. చివరికి ‘మీ వాలెట్ ధ్రువీకరించాలి, పన్నెండు మాటలూ ఈ గడుల్లో నింపండి’ అన్నారు. ఇతను వేరే ఒక నిజమైన ఎక్స్ఛేంజిలో కొనుక్కుని తన సొంత వాలెట్‌లో దాచుకున్న నాణేలు 60 వేల రూపాయల విలువవి ఉన్నాయి. మాటలు నింపాడు. అరగంటలో ఆ 60 వేలూ గుండుసున్న. అది జరిగి తొమ్మిది రోజులు. ఆ తొమ్మిది రోజులూ డ్యూటీకి వెళుతూ వస్తూ, ఎవరికీ చెప్పకుండా, నలభై వేలు ఎలా పుట్టించాలా అని ఆలోచిస్తున్నాడు.

నేను ఓవర్‌మన్‌గా రిటైరయినవాణ్ణి. నాకు కంప్యూటర్లు తెలియవు, పైకప్పు తెలుసు. బాయిలో పని మొదలయ్యే ముందు చేసే పని కప్పును కొట్టి చూడటం. ఒక కడ్డీతో తట్టి చెవి పెట్టాలి. గట్టి కప్పయితే ఖంగుమంటుంది. పొర వదులైతే డొల్లగా, ఖాళీ డబ్బా తట్టినట్టు ‘డబ్’ మంటుంది. కంటికి రెండూ ఒకేలా నల్లగా మెరుస్తూంటాయి. చూపుతో తేలదు, తట్టితేనే తేలుతుంది. డబ్‌మన్న కప్పు కింద నించోబెట్టి, ‘నిన్న ఏం కాలేదు కద’ అనే సర్దారును నేనెప్పుడూ క్షమించలేదు. ‘ఫోను ఇటు తేరా, కొట్టి చూద్దాం’ అన్నాను.

మొదటి దెబ్బ పేరుమీద. ఆ సైటు పేరును అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివించాను. ఒక పెద్ద ఎక్స్ఛేంజి పేరే, మధ్యలో ఒక అక్షరం ఎక్కువుంది. ‘తాళంబొమ్మ ఉంది కద మామా’ అన్నాడు. ఆ తాళంబొమ్మ చెప్పేది ఒక్కటే, నీకూ సైటుకూ మధ్య మాటలు దారిలో ఎవరూ వినడం లేదని. అవతల కూర్చున్నది పెద్దమనిషా గజదొంగా అని అది చెప్పదు. దొంగ కూడా తలుపు వేసుకునే మాట్లాడతాడు. వెతికితే పైన ప్రకటనగా వచ్చే పేరును నొక్కకూడదు. గుంపులో పంపిన లింకును అసలే నొక్కకూడదు. సరైన పేరు స్వయంగా టైపు చేసి, ఒకసారి గుర్తు పెట్టుకుని, ఎప్పుడూ ఆ దారినే వెళ్ళాలి.

రెండో దెబ్బ డబ్బు వెళ్ళిన దారిమీద. కట్టిన ప్రతిసారీ ఖాతా మారింది. ఒకసారి ఎవరిదో వ్యక్తి పేరు, ఒకసారి ఎక్కడిదో బట్టల దుకాణం, ఇంకోసారి మరో రాష్ట్రంలో ఇంకో వ్యక్తి. పెద్ద కంపెనీ అన్నది రోజుకొక మనిషి జేబులో డబ్బు వేయించుకుంటుందా? మన దేశంలో ఈ వ్యాపారం చేసేవాళ్ళు 2023 నుంచి కేంద్ర ఆర్థిక శాఖ కింద ఉన్న ఫైనాన్షియల్ ఇంటెలిజెన్స్ యూనిట్‌లో నమోదు కావాలి. కాలేదంటే అక్కడే డబ్‌మన్నట్టు.

మూడో దెబ్బ లెక్కమీద. రోజుకి ఒక శాతం గ్యారంటీ అని రాసుంది. వినడానికి ఒక శాతమే, చిన్నది. చక్రవడ్డీ వేసి చూడమన్నాను. లక్ష రూపాయలు ఏడాది తిరిగేసరికి దాదాపు 37 లక్షల 78 వేలవుతాయి. అలాగే వదిలేస్తే మూడేళ్ళకి 539 కోట్లు. ఆ ఏడు సింగరేణి తన కార్మికులందరికీ కలిపి పంచినదాంట్లో మూడింట రెండు వంతులు ఒక్క మా మేనల్లుడి క్వార్టర్లో ఉండాలన్నమాట. ఆ అంకె చూసి అతను మొదటిసారి నవ్వబోయాడు. నవ్వు రాలేదు.

నాలుగో దెబ్బ, ఇచ్చేవాడు అడగడం మీద. మనకి రావలసిన డబ్బు ఇవ్వడానికి మన దగ్గరే డబ్బు అడిగితే అది ఇచ్చే బేరం కాదు. పన్ను కట్టవలసింది ఆదాయపు పన్ను శాఖకి, వీళ్ళకి కాదు. కొంచెం తీసుకోనిచ్చారు కదా అంటారేమో, గాలానికి ఎర గుచ్చకుండా చేప పడుతుందా? ఆ వెయ్యి రూపాయలు అదే.

అయిదో దెబ్బ అక్కర్లేకపోయింది. పన్నెండు మాటలూ అడిగారంటే కప్పు అప్పటికే నెత్తిమీదికి వచ్చేసిందని అర్థం. నిజమైన వాలెట్ కంపెనీ కానీ, ఎక్స్ఛేంజి కానీ, పోలీసులు కానీ, ఆఖరికి కట్టుకున్న భార్య అయినా సరే, తొందరపెట్టి ఆ మాటలు అడగడానికి మర్యాదైన కారణం ఒక్కటీ లేదు. వాటిని ఫోనులో ఫొటో తీసి ఉంచకూడదు, ఎవరికీ పంపకూడదు. కాగితంమీద రాసి, రెండు నకళ్ళు రెండు చోట్ల, ఇంటి పట్టాలున్న చోట దాచాలి. అయితే ఒకటి. అవి ఎక్కడున్నాయో ఇంట్లో ఒక్కరికైనా తెలియాలి. పీఎఫ్‌కి నామినీ ఫారం ఉంది, గ్రాట్యుటీకి ఉంది. మనిషి పోతే ఈ పన్నెండు మాటలకి నామినీ లేడు. ఆ పద్దు ఎవరికీ అందకుండా ఆ పుస్తకంలో పడుంటుంది.

చదువు లేనివాళ్ళు పడతారులెండి అని ఎవరైనా అనుకుంటే, కాస్త ఆగండి. మా పొరుగున నిర్మల్ జిల్లాలో 2024లో యూబిట్ కాయిన్ పేరిట సాగిన గొలుసుకట్టు దందాలో అరెస్టయినవాళ్ళలో ప్రభుత్వోపాధ్యాయులున్నారు. లెక్కలు చెప్పే బడిపంతులు చెబితే ఊరు నమ్మదూ? దేశాల సంగతి చూస్తే, బల్గేరియాలో పుట్టిన రుజా ఇగ్నటోవా అనే డాక్టరేటు పుచ్చుకున్నావిడ 2014లో వన్‌కాయిన్ మొదలుపెట్టి, 2017 అక్టోబరులో విమానమెక్కి మాయమైంది. 2022లో అమెరికా ఎఫ్‌బీఐ ఆవిణ్ణి తన పదిమంది ప్రధాన నిందితుల జాబితాలో చేర్చింది. ఆ నాణెం వెనక నేను చెప్పిన ఖాతాపుస్తకమే లేదుట! గొలుసు పథకాలని నిషేధిస్తూ మన పార్లమెంటు 1978లోనే చట్టం చేసింది. రామగుండంలో ఎన్టీపీసీకి పునాదిరాయి పడ్డ ఏడాది కూడా అదే. ఇన్నేళ్ళలో గొలుసు తెగలేదు, కొసన కట్టే వస్తువు మారుతూ వచ్చిందంతే. అలాగని దొంగ సైటు కాకపోతే చాలు, అంతా క్షేమమనీ కాదు. 2024 జులై 18న వజీర్‌ఎక్స్ అనే మన దేశపు నిజమైన ఎక్స్ఛేంజిలోంచే దాదాపు 23 కోట్ల డాలర్ల విలువైన నాణేలు హ్యాకర్లు తీసుకుపోయారు. పోతే తట్టుకోలేని డబ్బు అక్కడ పెట్టకూడదన్నది అందుకే.

సరే, పోయింది. పోయాక ఏం చెయ్యాలి? అదే ఆ సాయంత్రం మా ముందున్న ప్రశ్న. ముందు ఆ నలభై వేల ఆలోచన మానిపించాను. సిగ్గుతో చాటింగంతా చెరిపేయబోతూంటే చెయ్యి పట్టుకున్నాను. సాక్ష్యం దొంగకంటే ముందు మనమే మాయం చేస్తే ఎలా? సైటు పేరు, డబ్బు వెళ్ళిన ఖాతాలు, ప్రతి యూపీఐ చెల్లింపుకీ ఉండే 12 అంకెల నంబరు, తేదీ, వేళ, నాణేలు వెళ్ళిన వాలెట్ చిరునామా, ఆ లావాదేవీకి ఉండే పొడుగాటి గుర్తు, అన్నీ మా కోడలు ఒక నోట్‌బుక్కులో వరసగా రాసింది. తర్వాత 1930కి ఫోను. దేశంలో ఎక్కడినుంచైనా సైబర్ మోసానికి అదే నంబరు. ఇంటర్నెట్టులో కేంద్ర ప్రభుత్వపు సైబర్ క్రైం పోర్టల్‌లోనూ ఫిర్యాదు రాసుకోవచ్చు.

ఆ నంబరు పనిచేసే పద్ధతి తెలిస్తే తొందర ఎందుకో అర్థమవుతుంది. మన రూపాయలు వెళ్ళిన ఖాతాలో ఉన్నచోట ఉండవు. అక్కణ్ణుంచి ఇంకో ఖాతాకి, అక్కణ్ణుంచి మరో నాలుగింటికి, చివరికి నగదుగానో నాణేలుగానో మారిపోతాయి. ఫిర్యాదు అందగానే ఆ దారి వెంట ఉన్న బ్యాంకులకి కబురు వెళుతుంది. అప్పటికి ఏ ఖాతాలో ఎంత మిగిలితే అంత ఆపుతారు. గంటల్లో చెబితే ఒక లెక్క, రోజుల్లో చెబితే ఇంకో లెక్క. నాణేలుగా మారి దొంగ సొంత వాలెట్‌కి చేరితే ఏ బ్యాంకూ ఆపలేదు. ఏదో ఒక ఎక్స్ఛేంజికి చేరినప్పుడు పోలీసులు ఆ ఎక్స్ఛేంజికి రాస్తే ఆపవచ్చు. టెథర్ లాంటి నాణేలని వాటిని విడుదల చేసిన కంపెనీ కూడా స్తంభింపజేయగలదు. అందుకే ఆ చిరునామాలు రాసుకోమనడం.

వాలెట్ సంగతి వేరు. మాటలు ఒకసారి దొంగకి తెలిశాక పాస్‌వర్డు మార్చి లాభంలేదు. తాళంచెవికి నకలు వాడి దగ్గరుంటే, తలుపుకి రంగు మార్చినట్టే. ఇల్లే మారాలి. శుభ్రమైన ఇంకో ఫోనులో కొత్త వాలెట్, కొత్త మాటలు. పాతదాంట్లో ఏమైనా మిగిలుంటే వెంటనే అందులోకి తరలించాలి. మాటలు చెప్పకుండా ఏదో సైటుకి ‘అనుమతి’ నొక్కి మోసపోయినవాళ్ళయితే ఆ అనుమతిని రద్దుచేయాలి. ఎవరో చెబితే పెట్టుకున్న, మన తెర వాళ్ళకి చూపించే యాప్‌లు తీసేయాలి. మావాడి వాలెట్‌లో మిగిలిందేమీ లేదు. అయినా ఇదంతా చెప్పవలసి వచ్చింది. వచ్చే నెల జీతంతో మళ్ళీ అందులోనే కొందామని అతని ఉద్దేశం మరి!

మర్నాడు ఠాణాకి వెళ్ళాం. అక్కడి కుర్ర అధికారి నోట్‌బుక్కు తిరగేసి సంతోషించాడు. తర్వాత తేదీ చూసి, ‘తొమ్మిది దినాలు ఏం జేసినవ్ తమ్మీ?’ అన్నాడు. కోపంగా అనలేదు. మా మేనల్లుడు తలవంచుకున్నాడు. కొన్నాళ్ళకి తెలిసిందేమంటే, దారిలో ఒక ఖాతాలో 38 వేలు ఆపగలిగారు. తెలంగాణలో ఇలా ఆపిన సొమ్మును లోక్ అదాలత్ ద్వారా బాధితులకి ఇప్పిస్తూంటారు. ఆ 38 వేలూ అలాగే వచ్చాయి. మిగతాదాని జాడ లేదు.

ఈలోగా ఒకరోజు నేనక్కడ ఉండగానే అతనికి ఫోను వచ్చింది. హిందీ కలిసిన తెలుగు. ‘సార్, మీ కేసు మా దగ్గరుంది, మీ నాణేలు దొరికాయి, పది శాతం ఫీజు కడితే తిరిగి వేయిస్తాం’ అని. మోసపోయినవాళ్ళ జాబితా కూడా సరుకే కాబోలు. అతను నా మొహం చూశాడు. నేను కావాలనే గోడవైపు చూస్తూ కూర్చున్నాను. అతను గొంతు సవరించుకుని, ‘పైసలు ముందుగాల గట్టాల్నా సార్?’ అని అడిగాడు. అవతల అవునన్నట్టున్నారు. ‘అయితే మీరే ఉంచుకోండ్రి’ అని ఫోను పెట్టేశాడు. మా కోడలు వంటింట్లోంచి తొంగి చూసి, ఏమీ మాట్లాడకుండా మాకిద్దరికీ చాయ్ తెచ్చిపెట్టింది.

ఇక మా అక్క. విషయం తెలిసిన రోజునుంచీ కొడుకును సాధించడం మొదలుపెట్టింది. ‘ఆశకు పోయినవ్, పిల్లల నోటికాడి బువ్వ తీసి ఎవనికో పెట్టినవ్’ అని పొద్దునా సాయంత్రమూ అదే పాట. అక్కని పక్కకి పిలిచి ల్యాంప్‌రూం గుర్తుచేశాను. మా బావ ముప్పై ఏళ్ళు నడుముకి లైటు కట్టుకు దిగినవాడే, ఆమెకి తెలియనిది కాదు. బాయిలోకి దిగేవాడు తన నంబరు లైటు తీసుకుంటాడు. షిఫ్టు అయ్యాక ఏ నంబరు ఖాళీగా ఉంటే ఆ మనిషి ఇంకా పైకి రాలేదన్నమాట. కప్పు కూలిందని తెలిస్తే ముందు లైట్లు లెక్కపెడతాం. తప్పెవరిదన్న విచారణ తర్వాత. ‘నీ కొడుకు ఇంక లోపల్నే ఉన్నడక్కా. ముందు పైకి రానీ’ అన్నాను. ఆ తొమ్మిది రోజుల్లో రెండు సాయంత్రాలు అతను ఒంటరిగా గోదావరి వంతెన దాకా వెళ్ళొచ్చాడని అప్పటికే నాతో చెప్పాడు. ఎందుకని నేనడగలేదు. ఆ మాట మాత్రం అక్కకి చెప్పాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చాలాసేపు కూర్చుంది. మళ్ళీ ఆ పాట నేను వినలేదు.

హారం ఇంకా బ్యాంకులోనే ఉంది. నెలనెలా జీతంలోంచి కడుతున్నారు. వంటింట్లో గ్యాసు బుక్ చేసే నంబరు పక్కన మా కోడలు 1930 అని స్కెచ్చు పెన్నుతో ఇంతేసి అంకెలు వేసి రాసింది. పేరు రాయలేదు, నంబరు ఒక్కటే. మొన్నామధ్య బాయి క్యాంటీన్లో రెండో షిఫ్టు కుర్రాళ్ళిద్దరు మావాడి చుట్టూ చేరి ‘అన్నా, జెర ఈ సైటు చూడే’ అంటూంటే ఆగి విన్నాను. మావాడు ఫోను చేతిలోకి తీసుకోలేదు.

‘ముందుగాల పైసలు ఎవని ఖాతాలకు పోతున్నయో అది సూపియ్‌రా’ అంటున్నాడు.